ఎవెలియో హావియేర్: ఓట్ల లెక్కింపు దగ్గర ప్రాణం పోగొట్టుకున్న ఫిలిప్పీన్స్ మాజీ గవర్నర్ (తరచుగా అడిగే ప్రశ్నలు)

ఫిలిప్పీన్స్ రాజకీయాలంటే మనకు నియంత మార్కోస్, ఆయన భార్య ఇమెల్డా చెప్పులు, కోరీ అకీనో, ఈమధ్య డ్యుటెర్టే. ఆ లిస్టు అక్కడితో ఆగిపోతుంది. మార్కోస్ పడిపోవడానికి సరిగ్గా రెండు వారాల ముందు, ఒక మారుమూల జిల్లా కేంద్రంలో పట్టపగలు హత్యకు గురైన మాజీ గవర్నర్ కథ మన దాకా పెద్దగా రాలేదు. ఆయన గురించి మామూలుగా వచ్చే ప్రశ్నలన్నీ ఇక్కడ ఉన్నాయి.

ఎవరీ ఎవెలియో హావియేర్?

పూర్తి పేరు ఎవెలియో బెల్యాఫ్లోర్ హావియేర్. 1942 అక్టోబర్ 31న ఫిలిప్పీన్స్‌లోని అంతికే ప్రావిన్స్‌లో, హామ్టిక్ అనే ఊళ్లో పుట్టాడు. లాయరు, కొంతకాలం పంతులు, 1972 నుంచి 1980 దాకా అంతికే గవర్నర్. 1986 ఫిబ్రవరి 11న చంపేశారు. అప్పటికి 43 ఏళ్లు.

చాలామంది ‘గవర్నర్‌ను చంపేశారు’ అని రాస్తారు. చనిపోయేనాటికి ఆయన గవర్నర్ కాదు. ఆ కుర్చీ వదిలి ఆరేళ్లయింది. 1984లో పోటీ చేసిన ఎన్నికలో గెలుపు కూడా ఆయన చేతికి రాలేదు. పదవి లేని మనిషిని అంత పనిగట్టుకుని ఎందుకు చంపారన్నదే ఈ కథలో అసలు విషయం.

ఫిలిప్పీన్స్ గవర్నర్ అంటే మన రాజ్‌భవన్ గవర్నర్ లాంటివాడేనా?

కాదు. మన గవర్నర్‌ను రాష్ట్రపతి నియమిస్తారు. అక్కడ గవర్నర్‌ను జనం నేరుగా ఓటేసి ఎన్నుకుంటారు. ఇప్పుడు ఆ దేశంలో 82 ప్రావిన్సులున్నాయి. ఒక్కో ప్రావిన్స్ ఇంచుమించు మన జిల్లా అంత. కాబట్టి అక్కడి గవర్నర్ చేతిలో మన జిల్లా పరిషత్ ఛైర్మన్ పనీ, కలెక్టర్ అధికారంలో కొంత భాగమూ కలిసి ఉంటాయి. ఆసుపత్రులు, రోడ్లు, వ్యవసాయ సహాయం, తుఫాను వచ్చినప్పుడు సహాయక చర్యలు, అన్నిటికీ జనం ముందు జవాబు చెప్పాల్సింది ఆయనే.

ఇప్పటి నిబంధనలు 1991 నాటి స్థానిక ప్రభుత్వ చట్టం నుంచి వచ్చాయి. పదవీకాలం మూడేళ్లు. వరుసగా మూడుసార్లకు మించి ఉండకూడదు. పోటీకి కనీస వయసు 23. పక్కన ఒక వైస్ గవర్నర్, ఒక ప్రాంతీయ శాసన మండలి. హావియేర్ కాలంలో ఈ చట్టం లేదు. మార్షల్ లా (సైనిక శాసనం) రోజుల్లో అన్ని తాళాలూ మనీలాలో మార్కోస్ ఒక్కడి చేతిలోనే ఉండేవి.

అంతికే ఎక్కడుంది? ఎలాంటి ఊరు?

దేశం నడుమ ఉండే విసాయాస్ దీవుల్లో పనాయ్ ఒకటి. దాని పడమటి అంచున, వెనక కొండలు, ముందు సూలూ సముద్రం, మధ్యలో ఇరుకైన తీరమైదానం. అదే అంతికే. పొడవే తప్ప వెడల్పు లేని ప్రావిన్స్. కొండల్లో పెద్దది మద్యా-ఆస్, రెండు వేల మీటర్లు దాటుతుంది. మొత్తం 18 మున్సిపాలిటీలు, నగరం అని చెప్పుకోదగ్గది ఒక్కటీ లేదు. రాజధాని శాన్ హోసే దె బ్యూనవిస్తా. మాట్లాడే భాష కినారాయ్-ఆ.

వరి, చేపలు, కొబ్బరి. ఇక్కడ పని దొరకక పక్క దీవి నెగ్రోస్‌లోని చెరకు తోటలకు కోత కూలికి పోయేవాళ్లు తరతరాలుగా ఉన్నారు. వాళ్లను ‘సకాడా’లంటారు. మేస్త్రీ దగ్గర ముందే అడ్వాన్సు తీసుకుని, ఆ అప్పు తీరేదాకా చెరకు నరకడం వాళ్ల బతుకు. హావియేర్‌కు ఓట్లేసిన జనంలో ఇలాంటి కుటుంబాలు బోలెడు.

ఆయన కుటుంబం, చదువు?

తండ్రి ప్రాసిక్యూటర్, తల్లి టీచరు. బీద కుటుంబం కాదు, అలాగని హాసియెందాలు (పెద్ద పెద్ద తోటలు) ఉన్న జమీందారీ కుటుంబమూ కాదు. హైస్కూలుకే మనీలాలోని అతేనియోకు పంపారు. జెసూయిట్ ఫాదర్లు నడిపే ఆ విద్యాసంస్థలోనే చరిత్ర, రాజనీతి చదివి, తర్వాత లా పూర్తి చేసి, అక్కడే కొంతకాలం పాఠాలు చెప్పాడు. అలాంటి చదువున్నవాడు మనీలాలో పెద్ద లా ఆఫీసులో చేరి హాయిగా స్థిరపడొచ్చు. ఈయన ఊరికి తిరిగొచ్చి ఎన్నికల్లో నిలబడ్డాడు.

అంత చిన్న వయసులో గవర్నర్ ఎలా అయ్యాడు?

1971 నవంబర్‌లో స్థానిక ఎన్నికలు జరిగాయి. అప్పటికి ఆయనకు 29 నిండి కొద్దిరోజులే అయింది. గెలిచాడు. అప్పట్లో దేశంలోకెల్లా చిన్న వయసు గవర్నర్‌గా పేరొచ్చింది. ఆ ఎన్నికల ముందు ఆగస్టులో మనీలాలోని ప్లాసా మిరాండాలో ప్రతిపక్ష సభ మీద గ్రెనేడ్లు విసిరారు. మనుషులు చచ్చిపోయారు, పెద్ద పెద్ద నాయకులకు తీవ్రగాయాలయ్యాయి. జనానికి మార్కోస్ మీద అనుమానం, కోపం. దేశవ్యాప్తంగా సెనేట్ ఎన్నికల్లో ప్రతిపక్షం ఊడ్చేసింది. హావియేర్ సొంత గుణం ఎంత ఉన్నా, ఆ గాలి కూడా కలిసొచ్చిందనే అనుకోవాలి.

ఏడాది తిరక్కుండానే మార్షల్ లా వచ్చింది కదా. పదవిలో ఎలా కొనసాగాడు?

1972 సెప్టెంబర్‌లో మార్కోస్ మార్షల్ లా పెట్టాడు. పార్లమెంటు మూసేశాడు, పేపర్లు మూసేశాడు, ప్రతిపక్ష నాయకుడు నినోయ్ అకీనో లాంటి వాళ్లను జైల్లో వేశాడు. స్థానిక పదవుల్లో ఉన్నవాళ్లలో చాలామందిని మాత్రం అలాగే ఉంచి, ఎన్నికల్లేకుండానే వాళ్ల పదవీకాలం పొడిగిస్తూ పోయాడు. నాలుగేళ్ల కోసం ఎన్నికైన హావియేర్ ఎనిమిదేళ్లు గవర్నర్‌గా ఉన్నది అందుకే.

ఇక్కడ ఆయన అభిమానులు కొంచెం ఇబ్బంది పడతారు. నియంత పొడిగించిన పదవిలో కూర్చోవచ్చా? నిజమే, ఆ ప్రశ్న వేయాల్సిందే. రాజీనామా చేసి బయటికొస్తే ఆ కుర్చీలో మార్కోస్ మనిషి కూర్చునేవాడన్నదీ నిజమే. నా మట్టుకు, 1980 తర్వాత ఆయన చేసిన పనులే దానికి తగిన జవాబు.

బినిరాయన్ పండగ ఆయన మొదలుపెట్టిందేనా?

అవును, 1974లో. గవర్నర్‌గా ఆయన చేసిన పనుల్లో ఇప్పటికీ ఊరి జనం నోట్లో ఉన్నది ఇదే.

ఆ పండగ వెనక పనాయ్‌లో ఒక పాత కథ ఉంది. బోర్నియోలో సుల్తాను దౌర్జన్యం భరించలేక పదిమంది దాతులు, అంటే నాయకులు, కుటుంబాలతో పడవలెక్కి పారిపోయి వచ్చి హామ్టిక్ దగ్గర మలాండోగ్‌లో దిగారట. అక్కడ ముందునుంచీ ఉన్న ‘ఆతి’ అనే జాతివాళ్ల నాయకుడు మరికుడో దగ్గర మైదాన భూమి కొనుక్కున్నారట. ధర ఒక బంగారు సలకోట్, అంటే టోపీ. మరికుడో భార్యకు నేల దాకా జీరాడే బంగారు గొలుసు. ఆతి జాతివాళ్లు కొండలకు వెళ్లిపోయారు, వచ్చినవాళ్లు మైదానంలో స్థిరపడ్డారు.

ఇది నిజంగా జరిగిందా అంటే, చరిత్రకారులు ఒప్పుకోరు. 20వ శతాబ్దం మొదట్లో అచ్చయిన ఒక పుస్తకంతోనే ఈ కథ ఈ రూపంలో ప్రచారంలోకి వచ్చిందని, స్పానిష్ వాళ్ల ముందునాటి ఆధారం లేదని వాళ్ల వాదన. అయినా ప్రతి ఏడూ పడవల్లో దాతులు వచ్చి ఒడ్డున దిగుతారు, డప్పులు మోగుతాయి, ఊళ్లకు ఊళ్లే పోటీలు పడి ఆడతాయి. సొంత ఊరి పేరు చెప్పుకోవడానికి మొహమాటపడే వలస కూలీల ప్రావిన్స్‌కు ‘మా దగ్గరే మొదలైంది అంతా’ అనే గర్వం ఇచ్చిన పండగ ఇది. అదీ మార్షల్ లా నడుస్తున్న రోజుల్లో. జనం గుమిగూడాలంటేనే భయపడే కాలంలో వేలమందిని బీచికి రప్పించడం చిన్న విషయం కాదు. పుట్టింది కూడా హామ్టిక్‌లోనే కాబట్టి ఈ కథ వింటూనే పెరిగి ఉంటాడు.

1980లో మళ్లీ ఎందుకు పోటీ చేయలేదు?

1980 జనవరిలో స్థానిక ఎన్నికలు పెట్టారు. ఆయన బరిలో దిగలేదు. హార్వర్డ్ కెన్నెడీ స్కూల్లో పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ చదవడానికి అమెరికా వెళ్లాడు. గుండె ఆపరేషన్ కోసం జైలు నుంచి బయటికొచ్చిన నినోయ్ అకీనో కూడా ఆ రోజుల్లో బోస్టన్ దగ్గరే ఉండేవాడు. మూడేళ్ల తర్వాత, 1983 ఆగస్టు 21న, స్వదేశానికి తిరిగొచ్చిన నినోయ్‌ను మనీలా విమానాశ్రయంలోనే కాల్చి చంపారు. ఆ చావుతో దేశమే మారిపోయింది.

1984 ఎన్నికలో ఏం జరిగింది?

బతాసాంగ్ పంబాన్సా అంటే అప్పటి జాతీయ శాసనసభ. 1984 మే 14న దానికి ఎన్నికలు. అంతికే సీటుకు హావియేర్ ప్రతిపక్షం తరఫున నిలబడ్డాడు. ఎదుటివాడు మార్కోస్ పార్టీ నాయకుడు ఆర్తూరో పసిఫికాడోర్.

పోలింగ్ ముందురోజు, మే 13న, సిబాలోమ్ మున్సిపాలిటీలోని పాంగ్‌పాంగ్ వంతెన దగ్గర కాపుకాసి హావియేర్ మనుషుల్ని కాల్చేశారు. కొందరు అక్కడే చనిపోయారు. ఆ హత్యల కేసులో పసిఫికాడోర్ పేరూ నిందితుల్లో చేరింది. రిగ్గింగ్ ఆరోపణల మధ్యే పోలింగ్ జరిగింది. హావియేర్ ఎన్నికల సంఘం కోమెలెక్‌కు ఫిర్యాదు చేశాడు. కోమెలెక్‌లోని రెండో డివిజన్ పసిఫికాడోరే గెలిచాడని ప్రకటించింది.

ఇక్కడ రెండు మెలికలున్నాయి. శాసనసభ్యుల ఎన్నిక వివాదాలను డివిజన్ కాకుండా కమిషన్ మొత్తం కూర్చుని వినాలని రాజ్యాంగంలో ఉంది. ఆ డివిజన్‌లోని ఒక కమిషనర్ గతంలో పసిఫికాడోర్‌కు లా ప్రాక్టీసులో భాగస్వామి. తప్పుకోమని హావియేర్ అడిగాడు. ఆయన తప్పుకోనన్నాడు. పార్ట్‌నర్ కేసులో పార్ట్‌నరే జడ్జి!

హావియేర్ సుప్రీంకోర్టుకెక్కాడు. కేసు నడుస్తూనే ఉంది.

1986 ఫిబ్రవరి 11న అసలేం జరిగింది?

ఒత్తిడి తట్టుకోలేక మార్కోస్ 1986 ఫిబ్రవరి 7న ముందస్తు అధ్యక్ష ఎన్నిక పెట్టాడు. ఎదురుగా నినోయ్ భార్య కోరీ. అంతికేలో కోరీ ప్రచారమంతా హావియేర్ చేతిమీదే నడిచింది.

అప్పట్లో మిషన్లు లేవు. పోలింగ్ కేంద్రంలోనే చేత్తో లెక్కపెట్టి, ఫారాల్లో రాసి, సంతకాలు పెట్టి పైకి పంపుతారు. ప్రావిన్స్ రాజధానిలో క్యాన్వాసర్ల బోర్డు వాటిని కలుపుతుంది. ఆ కలిపే బల్ల దగ్గరే అంకెలు మారిపోతాయని అందరికీ తెలుసు. మన దగ్గర కౌంటింగ్ ఏజెంట్లు ఫారం 17సీ పట్టుకుని రాత్రంతా కూర్చుంటారు కదా, అదే టెన్షన్. 1984లో ఒకసారి దెబ్బతిన్న మనిషి కాబట్టి హావియేర్ లెక్కింపును గాలికొదిలి ఇంటికెళ్లే ప్రశ్నే లేదు. పోలింగ్ అయ్యి నాలుగు రోజులైనా శాన్ హోసేలో క్యాపిటల్ భవనం (ప్రావిన్స్ ప్రభుత్వ కార్యాలయం) దగ్గరే కాపలా కాస్తున్నాడు.

11వ తేదీ ఉదయం ముసుగులు వేసుకున్నవాళ్లు తుపాకులతో వచ్చారు. మొదటి తూటాలు తగిలినా ఆయన పరిగెత్తాడు. ప్లాసా దాటి, రోడ్డు దాటి, ఒక దుకాణంలోకి దూరి, దాని మరుగుదొడ్లో దాక్కున్నాడు. వాళ్లు వెతుక్కుంటూ వెంటపడి అక్కడే చంపేశారు. ఊరి నడిబొడ్డున, పట్టపగలు, ప్రభుత్వ ఆఫీసు ఎదురుగా.

ఆయన చావుతోనే మార్కోస్ పడిపోయాడా?

ఆయన ఒక్కడి చావుతోనే అనడం అతిశయోక్తి. ఆ రెండు వారాల వరస చూడండి. ఫిబ్రవరి 9న మనీలాలో లెక్కింపు కంప్యూటర్ల దగ్గర పనిచేసే ఉద్యోగులు, తాము ఎక్కిస్తున్న అంకెలకూ బోర్డు మీద కనిపిస్తున్న అంకెలకూ పొంతన లేదని లేచి బయటికొచ్చేశారు. 11న హావియేర్ హత్య. ఆ వెంటనే కాథలిక్ బిషప్పులు ఈ ఎన్నిక మోసమని, ఇలా వచ్చిన ప్రభుత్వానికి నైతిక హక్కు లేదని ప్రకటించారు. 15న శాసనసభ మార్కోస్‌నే విజేతగా ప్రకటించింది. 16న మనీలా లునెటా పార్కులో కోరీ సభకు జనసముద్రం. 22న రక్షణమంత్రి ఎన్రిలె, జనరల్ రామోస్ తిరుగుబాటు. ఎడ్సా రోడ్డు మీద లక్షల జనం. 25 రాత్రి మార్కోస్ అమెరికా హెలికాప్టర్ ఎక్కాడు.

కంప్యూటర్ అంకెలు, శాసనసభ తీర్మానం మామూలు మనిషికి దూరపు విషయాలు. హావియేర్ శవం ముఖం ఉన్న సాక్ష్యం. ఆయన పార్థివ దేహాన్ని మనీలాకు తీసుకొచ్చినప్పుడు, చదువుకున్న అతేనియోలో ఉంచినప్పుడు వేలమంది వచ్చారు. ‘ఓట్లు దొంగిలించారు’ అన్న మాటను ఎవరికీ విడమర్చి చెప్పనక్కర్లేకపోయింది.

సుప్రీంకోర్టులో కేసు ఏమైంది?

నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చిన భాగం ఇది. మార్కోస్ పోయాడు, ఆ శాసనసభే రద్దయిపోయింది, హావియేర్ చనిపోయాడు, పసిఫికాడోర్ పరారీలో ఉన్నాడు. సీటూ లేదు, పోటీదారులూ లేరు. కేసు కొట్టేస్తే అడిగేవాడు లేడు.

కోర్టు కొట్టేయలేదు. 1986 సెప్టెంబర్ 22న జస్టిస్ ఇసగాని క్రూస్ తీర్పు రాశారు. కొట్టేయడానికి అనువైన సాకు ఉన్నా, అంతకంటే పెద్ద విషయాలు ఇక్కడ తేలాల్సి ఉన్నాయన్నారు. కమిషన్ మొత్తం వినాల్సిన కేసును డివిజన్ తేల్చడం చెల్లదు. పాత భాగస్వామి జడ్జిగా కూర్చోవడం న్యాయం కాదు. సీటు ఇంకా ఉండి ఉంటే ఆ గెలుపు ప్రకటనను రద్దు చేసేవాళ్లమని తేల్చి చెప్పింది. ‘హావియేర్ వర్సెస్ కోమెలెక్’ తీర్పు అక్కడి లా విద్యార్థులకు ఇప్పటికీ పాఠం. నిష్పాక్షికమైన న్యాయనిర్ణేత లేకపోతే విచారణకు అర్థం లేదన్న సూత్రానికి దాన్నే ఉదాహరిస్తారు.

హంతకులకు శిక్ష పడిందా?

కొందరికి పడింది. పసిఫికాడోర్ చాలా ఏళ్లు తప్పించుకు తిరిగి 1995లో లొంగిపోయాడు. విచారణ సాగీ సాగీ 2004లో తీర్పొచ్చింది. ఆయనను కోర్టు నిర్దోషిగా వదిలేసింది. ఆయనకు సన్నిహితుడైన ఒక లాయరుకు, మరికొందరికి యావజ్జీవం వేసింది.

పసిఫికాడోర్ కొడుకు కూడా నిందితుడే. కెనడా వెళ్లిపోయాడు. అప్పగించమని ఫిలిప్పీన్స్ అడిగింది. 2002లో ఒంటారియో అప్పీలు కోర్టు ఆ కేసు నడిచిన తీరు చూసి, అతన్ని అలాంటి విచారణకు పంపడం అన్యాయమని అప్పగింతను ఆపేసింది. హత్య జరిగి 18 ఏళ్లకు కింది కోర్టు తీర్పు! మనకు ఇది కొత్త కాదు గానీ, అయినా చదువుతుంటే ఒళ్లు మండుతుంది.

కుటుంబం తర్వాత రాజకీయాల్లో ఉందా?

తమ్ముడు ఎక్సెకియెల్ హావియేర్ పలుమార్లు అంతికే కాంగ్రెస్ సభ్యుడిగా, గవర్నర్‌గా గెలిచాడు. తర్వాతి తరమూ కాంగ్రెస్‌కు వెళ్లింది. 1987 రాజ్యాంగం రాజకీయ వంశాలను నిషేధించాలంటుంది, కాకపోతే ‘చట్టం నిర్వచించిన మేరకు’ అని తోక తగిలించింది. ఆ చట్టం మాత్రం ఇంతవరకూ రాలేదు. ఎందుకు రాలేదో చెప్పనక్కర్లేదు, చేయాల్సినవాళ్లలో ఎక్కువమంది ఆ వంశాలవాళ్లే.

ఎక్సెకియెల్ మీద కోమెలెక్ అనర్హత వేటు వేసి గవర్నర్ పదవి నుంచి దించేస్తే, ఆయనా సుప్రీంకోర్టుకెళ్లాడు. 2016లో కోర్టు కోమెలెక్ నిర్ణయాన్ని కొట్టేసింది. ఆ కేసు పేరూ ‘హావియేర్ వర్సెస్ కోమెలెక్’. ముప్ఫై ఏళ్ల తేడాతో అన్నదమ్ములిద్దరి పేరుమీదా ఒకే సంస్థ మీద ఒకే పేరున్న కేసులు.

గవర్నర్ల మీద దాడులు ఇప్పటికీ జరుగుతున్నాయా?

దురదృష్టవశాత్తూ. 2009 నవంబర్ 23న మగిందనావో ప్రావిన్స్‌లో, గవర్నర్ పదవికి ఒకాయన నామినేషన్ వేయడానికి వెళ్తున్న కాన్వాయ్‌ను ఆపి 58 మందిని చంపారు. అందులో 32 మంది మీడియావాళ్లు. తనమీద దాడి జరుగుతుందన్న అనుమానంతో ఆయన తాను వెళ్లకుండా భార్యను, అక్కచెల్లెళ్లను పంపాడు. ఆడవాళ్లను ఏమీ చేయరనుకున్నాడు. 2023 మార్చి 4న నెగ్రోస్ ఓరియెంటల్ గవర్నర్ రోయెల్ డెగామోను సొంత ఇంటి దగ్గర, జనానికి సాయం పంచుతుండగానే కాల్చి చంపారు. ప్రావిన్స్ స్థాయిలో డబ్బూ, పోలీసుల మీద పట్టూ, కుటుంబ ప్రతిష్ఠా ఒక్క కుర్చీలోనే చేరితే ఆ కుర్చీ కోసం మనుషులు దేనికైనా తెగిస్తారు.

ఆయన పేరు ఇప్పుడు ఎక్కడెక్కడ కనిపిస్తుంది?

శాన్ హోసేలో ఆయన పరిగెత్తిన ప్లాసాకు ఎవెలియో హావియేర్ ఫ్రీడమ్ పార్క్ అని పేరు. అదే ఊళ్లోని చిన్న విమానాశ్రయానికీ ఆయన పేరే. క్వెజాన్ సిటీలో మార్షల్ లా వీరుల కోసం కట్టిన బంతయోగ్ స్మారకం గోడమీద ఆయన పేరు చెక్కి ఉంది.

1992లో చేసిన చట్టం ప్రకారం ఫిబ్రవరి 11 ‘గవర్నర్ ఎవెలియో బి. హావియేర్ డే’. పనాయ్ దీవిలోని నాలుగు ప్రావిన్సులు అంతికే, అక్లాన్, కపీస్, ఇలోయిలోలో ప్రత్యేక సెలవు. డాక్టరు చదువు కోసం మన పిల్లలు ఫిలిప్పీన్స్ వెళ్లడం ఇప్పుడు మామూలైపోయింది. వాళ్లలో ఎవరైనా ఇలోయిలోలో ఉంటే, ఆ రోజు కాలేజీకి సెలవు ఎందుకో ఇప్పుడు తెలిసింది కదా.

అక్కడికి వెళ్లి చూడొచ్చా?

చూడొచ్చు. మనీలా నుంచి ఇలోయిలోకు విమానాలు బాగానే ఉంటాయి. అక్కడినుంచి శాన్ హోసేకు దాదాపు వంద కిలోమీటర్లు, వ్యాన్లు, బస్సులు తిరుగుతుంటాయి. దారి కొండ దాటి సముద్రం పక్కకు దిగుతుంది. ఫ్రీడమ్ పార్క్ ఊరి నడుమే. మలాండోగ్ చూడాలంటే హామ్టిక్ పక్కనే, ఇలోయిలో నుంచి వచ్చే దారిలోనే తగులుతుంది.